పీడనం తోస్తుంది, భూభ్రమణం తిప్పుతుంది: గాలిపై పాఠకుల ప్రశ్నలు

ఈ నెల ఎంచుకున్న ప్రశ్నలన్నీ గాలి గురించే. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. కొన్నిచోట్ల లెక్కలున్నాయి, కాగితం పెన్సిల్ దగ్గర పెట్టుకుంటే మంచిది.

ప్రశ్న: వేడెక్కిన గాలి తేలికై పైకి పోతుంది, అక్కడ ఏర్పడిన ఖాళీని నింపడానికి చల్లగాలి పరుగెత్తుకొస్తుంది, అదే గాలి వీయడమంటే అని బడిలో చదువుకున్నాం. మరి ఎండ మాడ్చేసే మధ్యాహ్నం ఒక్కోసారి ఆకు కూడా కదలదేం?

జవాబు: ఆ పాఠంలో 'ఖాళీ' అన్న మాటే దారి తప్పిస్తుంది. వాతావరణంలో ఖాళీ ఏర్పడదు. గాలిని కదిలించేది పీడనంలో తేడా. నేలంతా ఒకేలా వేడెక్కితే పీడనమూ అంతటా ఒకేలా ఉంటుంది. తోసేదేమీ లేనప్పుడు ఆకు ఎందుకు కదులుతుంది? ఎండ ఎంత కాసిందన్నది కాదు, పక్క ప్రాంతానికీ దీనికీ తేడా ఎంతన్నదే లెక్క.

వేడి పీడనంగా ఎలా మారుతుందో సముద్రపు గాలిలో బాగా కనిపిస్తుంది. తీరానికి ఇటు నేల మీద ఒకటి, అటు నీటి మీద ఒకటి, కిలోమీటరు ఎత్తున్న రెండు గాలి స్తంభాలు ఊహించుకోండి. పొద్దెక్కేసరికి నేల మీది స్తంభం సగటున 3 డిగ్రీలు ఎక్కువ వేడెక్కింది. గాలి పరమ ఉష్ణోగ్రత సుమారు 300 కెల్విన్లు కాబట్టి 3 డిగ్రీలంటే నూటికి ఒక వంతు. స్తంభమూ నూటికి ఒక వంతు, అంటే 10 మీటర్లు, సాగుతుంది. స్తంభంలో ఉన్న గాలి బరువు మాత్రం మారలేదు. అందువల్ల నేల దగ్గర పీడనం ఇంకా మునుపటిలాగే ఉంది. తేడా పైన వచ్చింది. కిలోమీటరు మట్టం దగ్గర నిలబడి చూస్తే నేల వైపు నెత్తిన మరో 10 మీటర్ల గాలి అదనంగా ఉంది, దాని బరువు దాదాపు 1 హెక్టాపాస్కల్. ఇది పీడనపు కొలత, పాతవాళ్లు మిల్లీబార్ అనేదీ ఇదే.

కాబట్టి ముందు కదిలేది పైగాలి, అదీ నేల నుంచి సముద్రం వైపు. అలా కొంత గాలి జారిపోయాక నేల మీది స్తంభం బరువు తగ్గుతుంది, కింద పీడనం పడుతుంది. అప్పుడుగానీ సముద్రం నుంచి గాలి బయల్దేరదు. సూర్యోదయమైన మూడు నాలుగు గంటల దాకా సముద్రపు గాలి మొదలుకాకపోవడానికి కారణం ఇదే. దాని వేగం సాధారణంగా సెకనుకు 5 నుంచి 7 మీటర్లు, మందం కొన్ని వందల మీటర్ల నుంచి కిలోమీటరు దాకా. తీరం నుంచి 30, 40 కిలోమీటర్లు లోపలికి రావడం మామూలే.

ఇదే లెక్కను భూగోళమంతటికీ పరచండి. 1000 హెక్టాపాస్కల్ మట్టానికీ 500 మట్టానికీ మధ్య ఉన్న గాలి పొర సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే పొర మందం 20 మీటర్లు పెరుగుతుంది. ఉష్ణమండలంలో ఈ పొర 5,800 మీటర్ల దగ్గర ఉంటే, చలికాలపు ధ్రువ ప్రాంతంలో 5,000 మీటర్ల దగ్గరకి కుంగిపోతుంది. భూమధ్యరేఖ నుంచి ధ్రువాల వైపు వాతావరణం నిజంగానే ఏటవాలుగా ఉందన్నమాట. ఈ 20 మీటర్ల సంగతి గుర్తుంచుకోండి, కింద మళ్లీ అవసరమవుతుంది.

ప్రశ్న: ఎక్కువ పీడనం నుంచి తక్కువ పీడనానికి గాలి వీస్తుందంటారు. పైకి పోయేకొద్దీ పీడనం తగ్గుతుంది కదా, మరి గాలంతా పైకి ఎగిరిపోదేం?

జవాబు: మంచి ప్రశ్న, పాఠ్యపుస్తకాలు దాటేసేది. సముద్రమట్టం దగ్గర 8 మీటర్లు పైకెక్కితే పీడనం ఒక హెక్టాపాస్కల్ తగ్గుతుంది. అడ్డంగా అదే తేడా రావాలంటే మామూలు రోజుల్లో 100 కిలోమీటర్లు, ఇంకా ఎక్కువ, పోవాలి. నిలువు తోపు అడ్డం తోపు కంటే 12,000 రెట్లు పెద్దది. దాన్ని గురుత్వాకర్షణ ఇంచుమించు పూర్తిగా సరితూచి పట్టి ఉంచుతుంది, అందుకే గాలి మన మీద నిలిచి ఉంది. అడ్డంగా పట్టి ఉంచే గురుత్వం లేదు కాబట్టి ఆ చిన్న తేడాయే గాలిని పరుగెత్తిస్తుంది.

తూకం కాస్త చెదిరే చోట్లే గాలి పైకి లేస్తుంది. ఉరుముల మేఘంలో సెకనుకు 20, 30 మీటర్ల వేగం కూడా ఉండొచ్చు. అల్పపీడనం మొత్తం మీద సగటు చూస్తే మాత్రం సెకనుకు కొన్ని సెంటీమీటర్లే. తక్కువనుకోకండి, 3 సెంటీమీటర్ల వేగమైనా ఒక రోజులో రెండున్నర కిలోమీటర్ల ఎత్తు. మబ్బు పట్టడానికి అది చాలు.

ప్రశ్న: భూమి భూమధ్యరేఖ దగ్గర గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. మరి మనకు ఎప్పుడూ అదే వేగంతో తూర్పు నుంచి ఎదురుగాలి కొట్టాలి కదా?

జవాబు: గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. నేల రాపిడి గాలిని ఏనాడో తన వేగానికి లాక్కుంది. మనం గాలి అని కొలిచేది ఆ ఉమ్మడి పరుగులో మిగిలిన చిన్న తేడాను మాత్రమే. రైలు పెట్టెలో తలుపులు మూసుకుని కూర్చుంటే ముఖానికి గాలి తగలదు, ఇదీ అంతే.

ప్రశ్న: కొరియాలిస్ బలం ఉత్తరార్ధగోళంలో గాలిని కుడికి మళ్లిస్తుందని చదివాను. కుడికి మళ్లితే తుపాను సవ్యదిశలో తిరగాలి. మరి అపసవ్యంగా తిరుగుతుందేం? వాష్‌బేసిన్‌లో నీళ్ల సుడి కూడా దీనివల్లేనా?

జవాబు: ముందు, భూభ్రమణం వల్ల పుట్టే ఈ బలం అసలు ఎంతో తెలియాలి. 100 కిలోమీటర్లకు ఒక హెక్టాపాస్కల్ పీడన తేడా ఉందనుకుందాం, ఇది మామూలు రోజు సంగతి. దానికి అడ్డేమీ లేకపోతే గాలి ప్రతి గంటకూ సెకనుకు 3 మీటర్ల చొప్పున వేగం పుంజుకుంటూ పోతుంది. రోజు తిరిగేసరికి గంటకు 260 కిలోమీటర్లు! అలా జరగడం లేదు కాబట్టి ఇంకేదో పట్టి ఆపుతోందని తేలుతోంది. నేల దగ్గర రాపిడి కొంత ఆపుతుంది. కిలోమీటరు ఎత్తు దాటాక రాపిడి దాదాపు లేదు, అక్కడ ఆపేది కొరియాలిస్ ఒక్కటే.

1735లో జార్జ్ హాడ్లీ అనే లండన్ న్యాయవాది, ఉష్ణమండలంలో తూర్పు నుంచి వీచే వ్యాపార పవనాలకు ఒక కారణం చెప్పాడు. ధ్రువాల వైపు నేల నెమ్మదిగా తిరుగుతుంది, అక్కడి నుంచి భూమధ్యరేఖ వైపు వచ్చే గాలి వెనకబడి తూర్పుగాలిలా కనిపిస్తుందని. ఆలోచన గొప్పది, కానీ సగమే. తూర్పు పడమరలుగా కదిలే గాలి ఎందుకు మళ్లుతుందో అందులో లేదు. తూర్పుకు వీచే గాలి భూమి కంటే వేగంగా తిరుగుతున్నట్టే. దాని అపకేంద్ర బలం కాస్త పెరిగి అక్షం నుంచి బయటికి, అంటే భూమధ్యరేఖ వైపు, నెడుతుంది. ఉత్తరార్ధగోళంలో అదీ కుడిపక్కే. ఎటు వీచినా కుడికే మళ్లడం ఇలా పూర్తవుతుంది. గస్పార్ గుస్తావ్ కొరియాలిస్ తన లెక్క రాసింది 1835లో, అదీ గాలి కోసం కాదు, తిరిగే యంత్రాల కోసం. గాలికి దాన్ని సరిగ్గా అన్వయించినవాడు విలియం ఫెరెల్, 1856 నుంచి.

ఇక తుపాను. పీడనం గాలిని కేంద్రం వైపు లాగుతుంది. లోపలికి బయల్దేరిన గాలి కుడికి మళ్లడంతో సూటిగా కేంద్రానికి చేరలేక పక్కనుంచి పోతుంది. కేంద్రం దాని ఎడమచేతి వైపు మిగిలిపోతుంది. నాలుగు దిక్కుల నుంచి వచ్చే గాలినీ అలా గీసి చూడండి, బాణాలన్నీ కలిసి అపసవ్యంగా తిరుగుతాయి. అంటే వంపు తిప్పుతున్నది పీడనం లాగుడు. కొరియాలిస్ దానికి ఎదురు నిలిచి గాలిని లోపల పడనీయడం లేదు. ఓడలవాళ్లకు దీన్నుంచే ఒక సూత్రం దొరికింది: గాలికి వీపు పెట్టి నిలబడితే ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం ఎడమచేతి వైపు, కాస్త ముందుకు ఉంటుంది. బైస్ బాలట్ నియమం అంటారు, 1857 నాటిది.

తుపాను కేంద్రానికి దగ్గరయ్యాక కథ మారుతుంది. 30 కిలోమీటర్ల వ్యాసార్ధంలో సెకనుకు 50 మీటర్ల గాలి తిరుగుతుంటే, 15 డిగ్రీల అక్షాంశం దగ్గర అక్కడి అపకేంద్ర బలం ముందు కొరియాలిస్ నలభయ్యో వంతు కూడా ఉండదు. సుడికి నాంది పలకడానికే కొరియాలిస్ కావాలి. భూమధ్యరేఖ మీద అది సున్నా కాబట్టి 5 డిగ్రీల లోపు తుపాన్లు పుట్టడం చాలా అరుదు. 2001 డిసెంబరులో సింగపూర్ దగ్గర దాదాపు ఒకటిన్నర డిగ్రీల అక్షాంశంలో పుట్టిన వామెయ్ అలాంటి అరుదైనదే.

వాష్‌బేసిన్‌కూ దీనికీ సంబంధం లేదు. కుళాయి నుంచి పడిన నీటి ఊపు, గిన్నె వంపు చాలు దిశ నిర్ణయించడానికి. దిశలో కొరియాలిస్ కనిపించాలంటే ఏం చేయాలో 1962లో అమెరికాలో ఆషర్ షపీరో చేసి చూపించాడు: దాదాపు 1.8 మీటర్ల వ్యాసమున్న పళ్లెం లాంటి తొట్టి, నీళ్లు పోసి 24 గంటలు కదపకుండా ఉంచడం, అడుగున సన్నని రంధ్రం, నిదానంగా ఖాళీ చేయడం. అప్పుడు అపసవ్యంగా తిరిగాయి. 1965లో సిడ్నీలో అదే పని చేస్తే సవ్యంగా తిరిగాయి. పర్యాటకులకు భూమధ్యరేఖకు అటూ ఇటూ బకెట్టు జరిపి చూపించే ప్రదర్శన చేతివాటమే.

ప్రశ్న: వాతావరణ పటంలో సమభార రేఖలు చూసి గాలి వేగం మనమే లెక్కగట్టవచ్చా?

జవాబు: కట్టవచ్చు. సమభార రేఖలంటే ఒకే పీడనమున్న చోట్లను కలిపే గీతలు. అయితే ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలిసి చేయాలి.

మీకు కావలసిన చోటికి అటూ ఇటూ ఉన్న రెండు రేఖలు చూసుకోండి. వాటి మధ్య పీడన తేడా సాధారణంగా 2 గానీ 4 గానీ హెక్టాపాస్కల్ ఉంటుంది, పటంలోనే రాసి ఉంటుంది. రేఖలకు లంబంగా దూరం కొలవండి. పటంలో స్కేలు లేకపోతే ఒక డిగ్రీ అక్షాంశాన్ని 111 కిలోమీటర్లుగా తీసుకోండి. ఏటవాలుగా కొలిస్తే దూరం ఎక్కువ వచ్చి గాలి తక్కువ తేలుతుంది, చాలామంది పొరపడేది ఇక్కడే. ఇప్పుడు 100 కిలోమీటర్లకు ఎన్ని హెక్టాపాస్కల్ పడుతుందో తీయండి. దాన్ని అక్షాంశాన్ని బట్టి ఒక సంఖ్యతో గుణించాలి: 15 డిగ్రీల దగ్గర 80, 20 దగ్గర 60, 30 దగ్గర 41, 45 దగ్గర 29, 60 దగ్గర 24. వచ్చేది గంటకు కిలోమీటర్లలో, రాపిడి లేని ఎత్తున వీచే గాలి.

కింద తగిలే గాలి కావాలంటే సముద్రం మీద దానిలో 70 శాతం, నేల మీద 40 నుంచి 50 శాతం తీసుకోవాలి. దిశ సమభార రేఖ వెంబడే, అల్పపీడనం ఎడమవైపు ఉండేలా. ఆపై రాపిడి వల్ల సముద్రం మీద 10 నుంచి 20 డిగ్రీలు, నేల మీద 30 డిగ్రీలు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ, అల్పపీడనం వైపు తిరుగుతుంది. దక్షిణార్ధగోళంలో ఎడమ బదులు కుడి.

ఉదాహరణకు 20 డిగ్రీల అక్షాంశం దగ్గర 2 హెక్టాపాస్కల్ తేడాతో ఉన్న రేఖల మధ్య 250 కిలోమీటర్ల దూరముంది. 100 కిలోమీటర్లకు 0.8. అరవైతో గుణిస్తే 48. సముద్రం మీద గంటకు 34 కిలోమీటర్ల గాలి, నేల మీద 19 నుంచి 24.

పై సంఖ్యల్లో ఒక వింత గమనించారా? అక్షాంశం తగ్గేకొద్దీ సంఖ్య పెరుగుతోంది. పట్టి ఉంచే కొరియాలిస్ బలహీనపడేకొద్దీ అంతే పీడన తేడాను సరితూచడానికి ఎక్కువ వేగం కావాలి. 10 డిగ్రీల దగ్గరే ఆ సంఖ్య 118 అవుతుంది, భూమధ్యరేఖ దగ్గర అర్థం లేకుండా పోతుంది. అందుకని 10 డిగ్రీలు దాటి కిందికి ఈ లెక్క వాడవద్దు. అక్కడ పీడన తేడాలు నిలవవు కూడా, గాలి సూటిగా పోయి వాటిని చెరిపేస్తుంది.

రేఖలు బాగా వంపు తిరిగిన చోట, అంటే అల్పపీడనం చుట్టూ, అసలు గాలి మీ లెక్క కంటే తక్కువ ఉంటుంది. కొండ ప్రాంతాల్లో రేఖలను నమ్మకండి. అక్కడ కొలిచిన పీడనాన్ని సముద్రమట్టానికి దించి గీస్తారు, దించడంలోనే పొరపాట్లు దొర్లుతాయి. ఉరుముల గాలివాన, సముద్రపు గాలి ఈ లెక్కలోకి రావు.

ప్రశ్న: నా ఫోన్‌లో బారోమీటర్ ఉంది. రోజూ మధ్యాహ్నం పీడనం 3 హెక్టాపాస్కల్ పడిపోతోంది. అల్పపీడనం ఏర్పడుతున్నట్టా?

జవాబు: కాదు, అది వాతావరణపు ఆటుపోటు. ఉష్ణమండలంలో పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం 10 గంటలకు, రాత్రి 10 గంటలకు ఎక్కువ. తెల్లవారుజాము 4కు, సాయంత్రం 4కు తక్కువ. మొత్తం ఊపు 3, 4 హెక్టాపాస్కల్ దాకా ఉంటుంది. కారణం చంద్రుడు కాదు, ఓజోన్, నీటి ఆవిరి ఎండను పీల్చుకోవడం. ఈ అల వేల కిలోమీటర్ల పొడవున పరుచుకుని ఉంటుంది కాబట్టి మీ చుట్టుపక్కల అంతటా ఒకేసారి పీడనం తగ్గుతుంది. పక్కపక్కన తేడా లేదు, అందుకే గాలీ లేదు.

నిజమైన మార్పు పట్టుకోవాలంటే నిన్న ఇదే గంటకు ఎంతుందో దానితో పోల్చండి. ఫోన్‌ను ఒకే అంతస్తులో ఉంచి చూడండి, 3 మీటర్ల అంతస్తు ఎక్కితేనే మూడో వంతు హెక్టాపాస్కల్ తగ్గుతుంది. 500 మీటర్ల ఎత్తున్న ఊళ్లో ఫోన్ 955 చూపితే కంగారు పడనక్కర్లేదు, ఆ ఎత్తుకు అది సహజం.

ప్రశ్న: భూమధ్యరేఖ దగ్గర లేచిన గాలి నేరుగా ధ్రువానికి పోకుండా 30 డిగ్రీల దగ్గరే ఎందుకు దిగుతుంది? పటాల్లో గీసే మూడు చక్రాలు నిజంగా ఉన్నాయా?

జవాబు: మొదటి చక్రం, భూమధ్యరేఖకూ 30 డిగ్రీలకూ మధ్య తిరిగే హాడ్లీది, గట్టిగానే ఉంది. మిగతా రెండూ సగటు తీస్తే బయటపడే నీడలు. ఏ రోజు పటంలోనూ 30 నుంచి 60 డిగ్రీల మధ్య గీసే ఫెరెల్ చక్రం కంటికి కనిపించదు.

30 డిగ్రీల దగ్గర ఎందుకు ఆగుతుందో కోణీయ ద్రవ్యవేగంతో చూడవచ్చు. భూమధ్యరేఖ దగ్గర గాలి నేలతో పాటు సెకనుకు 465 మీటర్ల వేగంతో తూర్పుకు తిరుగుతోంది. 15 కిలోమీటర్ల ఎత్తున ఉత్తరానికి జరిగేకొద్దీ అక్షానికి దగ్గరవుతుంది, చేతులు ముడుచుకున్న నాట్యకత్తె గిరగిరా తిరిగినట్టు వేగం పుంజుకుంటుంది. 30 డిగ్రీలు చేరేసరికి నేల కంటే సెకనుకు 134 మీటర్లు, అంటే గంటకు 480 కిలోమీటర్లు, ఎక్కువ వేగం రావాలి. ధ్రువం దాకా పోతే అంతులేని వేగం కావాలి, అది కుదిరే పని కాదు. నిజానికి 134 దాకా కూడా పోదు. అంత వేగంగా వీచే ప్రవాహం నిలకడ తప్పి అలలుగా విరిగిపోతుంది, ఆ అలలు వేగాన్ని ధ్రువాల వైపు మోసుకుపోతాయి. ఇక్కడ ఎత్తున వేగంగా వీచే గాలి ప్రవాహంలో, అంటే ఉపఉష్ణమండల జెట్‌లో, చలికాలపు సగటు వేగం సెకనుకు 40 మీటర్ల దగ్గరే ఉండడానికి కారణం అదే.

పైన చేరిన గాలి వేడిని అంతరిక్షంలోకి కోల్పోతూ రోజుకు కొన్ని వందల మీటర్ల చొప్పున నెమ్మదిగా దిగుతుంది. దిగే గాలి నొక్కుకుపోయి కిలోమీటరుకు దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది. ఆవిరి పెరగదు, వేడి పెరుగుతుంది, మబ్బు పట్టే అవకాశం పోతుంది. సహారా, అరేబియా, కలహారి, ఆస్ట్రేలియా ఎడారులు ఆ పట్టీలోనే ఉన్నాయి. కింద చేరిన గాలి భూమధ్యరేఖ వైపు తిరిగి వస్తూ కుడికి మళ్లి ఈశాన్య వ్యాపార పవనమవుతుంది, దక్షిణాన ఎడమకు మళ్లి ఆగ్నేయ వ్యాపార పవనమవుతుంది.

అటుపైన, 30 నుంచి 60 డిగ్రీల మధ్య, వేడిని ధ్రువాల వైపు మోసేది చక్రం కాదు, సుడులు. తూర్పుకు కదిలే అల్పపీడనాలు ముందు పక్క వెచ్చగాలిని ధ్రువం వైపు తోడుతూ, వెనక పక్క చల్లగాలిని కిందికి లాగుతూ పోతాయి. వీటి సగటే ఫెరెల్ చక్రం. అందులో గాలి చల్లని చోట లేచి వెచ్చని చోట దిగుతుంది, 'వేడిగాలి పైకి' సూత్రానికి తలకిందులు! సుడులు ఈడ్చుకుపోతున్నాయి కాబట్టే అలా తిరుగుతోంది. 1950లలో తిరిగే నీటి పళ్లేలను అంచున వేడిచేసి, మధ్యలో చల్లార్చి దీన్ని ప్రయోగశాలలో చూశారు. పళ్లెం నెమ్మదిగా తిరిగితే ఒకటే చక్రం, వేగం పెంచితే చక్రం చెదిరి అలలూ సుడులూ.

ఇంత తతంగానికీ ఇంధనం సూర్యుడే. భూమి సగటున చదరపు మీటరుకు సుమారు 240 వాట్ల ఎండను పీల్చుకుంటుంది. అందులో గాలి కదలికగా మారేది ఒక శాతం చుట్టూ. యంత్రంగా చూస్తే వాతావరణం మహా సోమరి.

ప్రశ్న: జెట్ ప్రవాహాలు పడమర నుంచి తూర్పుకే ఎందుకు? విమానాలకు దాంతో ఎంత లాభం?

జవాబు: మొదటి జవాబులోని 20 మీటర్లు ఇక్కడ అక్కరకొస్తాయి. 45 డిగ్రీల అక్షాంశం దగ్గర 500 కిలోమీటర్ల దూరంలో సగటున 5 డిగ్రీల ఉష్ణోగ్రత తేడా ఉందనుకోండి. పీడన పొర 100 మీటర్లు ఏటవాలవుతుంది. గాలి ఆ వాలు మీద ధ్రువం వైపు జారబోయి కుడికి మళ్లి తూర్పుకు పరుగెడుతుంది. కింది గాలి కంటే ఐదున్నర కిలోమీటర్ల ఎత్తున అది సెకనుకు 19 మీటర్లు ఎక్కువ. ఇంకా పైకి పోయేకొద్దీ వాలు పెరుగుతూనే ఉంటుంది, వాతావరణపు అట్టడుగు పొర అయిన ట్రోపో ఆవరణం పైకప్పు దగ్గర, 9 నుంచి 12 కిలోమీటర్ల ఎత్తున, గరిష్ఠమవుతుంది. దాని పైన స్ట్రాటోఆవరణంలో ఉష్ణోగ్రత తేడా తిరగబడుతుంది కాబట్టి వేగం మళ్లీ తగ్గుతుంది. చలికాలంలో తేడా ఎక్కువ, జెట్ కూడా అప్పుడే బలంగా ఉంటుంది.

1920లలో జపాన్‌లో వసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలిని కొలిచాడు. ఫలితాలను 1926లో ఎస్పెరాంటో భాషలో ప్రచురించాడు, చదివినవాళ్లు తక్కువ. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు ఎదురుగాలికి చిక్కుకున్నాకే లోకానికి బోధపడింది. ఇవాళ న్యూయార్క్ నుంచి లండన్ పోయే విమానం తిరుగు ప్రయాణం కంటే సుమారు గంట ముందే చేరుతుంది. జెట్ అంచుల్లో వేగం హఠాత్తుగా మారుతుంది కాబట్టి మబ్బు లేని ఆకాశంలో విమానం కుదుపులకు లోనయ్యేది అక్కడే.

ప్రశ్న: నైరుతి రుతుపవనాలంటే ఒక పెద్ద సముద్రపు గాలి అని మా పాఠంలో ఉంది. సరైనదేనా?

జవాబు: 1686లో ఎడ్మండ్ హేలీ చెప్పిన మాట అది, మూడు శతాబ్దాలుగా పాఠాల్లో నిలిచిపోయింది. పూర్తిగా తప్పు కాదు, కానీ ఒక్క పరీక్షకు నిలవదు. భారత భూభాగం చాలావరకు అత్యంత వేడిగా ఉండేది మేలో. రుతుపవనాలు ముదిరేది జులైలో, అప్పటికి నేల చల్లబడింది. వానలు ముఖం చాటేసిన ఏడాది నేల మరింత వేడిగా ఉంటుంది, రుతుపవనం బలహీనంగానే ఉంటుంది. వేడే అంతా నడిపిస్తే ఇది తిరగబడి ఉండాలి.

ఇంకా సరైన చిత్రం ఇది. వ్యాపార పవనాలు కలిసే అభిసరణ మండలం వేసవిలో భూమధ్యరేఖను విడిచి ఉత్తరానికి జరుగుతుంది. దాన్ని చేరడానికి దక్షిణ హిందూ మహాసముద్రం మీద, 30 డిగ్రీల చుట్టూ ఉన్న మాస్కరీన్ అధిక పీడనం నుంచి ఆగ్నేయ వ్యాపార పవనాలు బయల్దేరుతాయి. ఆఫ్రికా తూర్పు కొండలను ఒరుసుకుంటూ భూమధ్యరేఖ దాటగానే కొరియాలిస్ దిశ మారుతుంది, ఎడమకు మళ్లేవి కుడికి మళ్లి నైరుతి గాలులవుతాయి. కిలోమీటరు, ఒకటిన్నర కిలోమీటర్ల ఎత్తున సాగే ఈ ప్రవాహమే సోమాలి జెట్. ఒకసారి వాన మొదలయ్యాక యంత్రం తనను తానే నడుపుకుంటుంది. రోజుకు 10 మిల్లీమీటర్ల వాన పడితే ఆవిరి నీరవుతూ విడిచే గుప్తోష్ణం చదరపు మీటరుకు సుమారు 290 వాట్లు. భూమి సగటున పీల్చుకునే ఎండ కంటే ఎక్కువ, అదీ నేల మీద కాదు, మేఘాల మధ్య ఎత్తులో.

సగటున 4,500 మీటర్ల ఎత్తున్న టిబెట్ పీఠభూమి వేడి, ఈ గుప్తోష్ణం కలిసి ఆసియా దక్షిణాన గాలిని దాని దక్షిణాన ఉన్న గాలి కంటే వెచ్చగా చేస్తాయి. వాలు తిరగబడింది, కాబట్టి పైన జెట్ కూడా తిరగబడుతుంది. 14 నుంచి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పు నుంచి పడమరకు వీచే ఉష్ణమండల తూర్పు జెట్ అది. భారత వాతావరణ శాస్త్రవేత్త పి.కోటేశ్వరం 1958లో దాన్ని వివరించాడు.

ప్రశ్న: మేడ మీద చిన్న గాలి కొలమానం పెట్టాను. వాతావరణ కేంద్రం చెప్పే దానిలో సగం కూడా చూపడం లేదు, సాయంత్రమైతే సున్నాకు వస్తోంది. పరికరం చెడిపోయిందా?

జవాబు: పరికరం కంటే చోటును అనుమానించాలి. కేంద్రాలు కొలిచేది చదును నేల మీద 10 మీటర్ల ఎత్తున, పది నిమిషాల సగటు. అడ్డుగా ఉన్న గోడకో చెట్టుకో దాని ఎత్తుకు కనీసం పది రెట్ల దూరం వదలాలి. 6 మీటర్ల ఇంటికి 60 మీటర్లు. మేడ మీద పిట్టగోడకు దగ్గరగా పెడితే సుడులు తగిలి పరికరం గిన్నెలు ఒకసారి ఊరికే తిరుగుతాయి, మరోసారి ఆగిపోతాయి. కనీసం 3 మీటర్ల గొట్టం మీద, మేడ మధ్యలో నిలబెట్టి చూడండి. మీ పరికరం చూపేది సెకనుకు మీటర్లలోనా, గంటకు కిలోమీటర్లలోనా అన్నది కూడా చూసుకోండి, తేడా 3.6 రెట్లు. 'సగం' అన్న ఫిర్యాదులో చాలాసార్లు దొరికే దొంగ నాట్లు, అంటే ఓడలవాళ్ల కొలత. ఒక నాటు గంటకు 1.852 కిలోమీటర్లు.

సాయంత్రం సున్నా కావడం మాత్రం సహజం. పగలు ఎండకు నేల మరిగి, లేచే గాలి పైవేగాన్ని కిందికి దింపుతూ ఉంటుంది. పొద్దు వాలాక నేల చల్లబడి, దాని మీద బరువైన చల్లగాలి పలుచగా పరుచుకుంటుంది. పైగాలికీ మనకూ లంకె తెగిపోతుంది. కింద గాలి స్తంభించిన అదే వేళ, 200, 300 మీటర్ల ఎత్తున నేల రాపిడి వదిలిన గాలి పగటి కంటే వేగంగా వీస్తూ ఉంటుంది. గాలిమరల కేంద్రాల్లో రాత్రి ఉత్పత్తి తగ్గకుండా ఉండేది దీనివల్లే. మామూలు పగటివేళ 10 మీటర్ల దగ్గర కంటే 100 మీటర్ల దగ్గర వేగం ఇంచుమించు 1.4 రెట్లు. విద్యుత్తు వేగపు ఘనాన్ని బట్టి ఉంటుంది కాబట్టి శక్తి రెండున్నర రెట్లు దాటుతుంది. రాత్రివేళ ఆ తేడా ఇంకా పెరుగుతుంది. మీ మేడ మీద చిన్న గాలిమర పెట్టే ఆలోచన ఉంటే ముందు ఏడాది పాటు కొలిచి చూసుకోండి, సాయంత్రాల సున్నాలతో సహా.